పెరట్లో రెండు చెట్లు

న్యూ మెక్సికోలో జూన్. వాన మాట ఎవరూ ఎత్తరు.
యుసేబియో పెరట్లో చైనా రేగు చెట్లు రెండు.
ఒకటి పొద్దున్నే పూలు విప్పుతుంది,
రెండోది పొద్దు వాలితే గానీ కళ్లు తెరవదు.

పూలంటే పెద్ద పూలేం కావు,
ఆకు చంకలో పెసరగింజంత పసుపు.
వాసన మాత్రం వీధి మలుపు దాకా.
ద్రాక్ష మగ్గినట్టు, అంటాడతను.
"కాదు, పాకం మాడినట్టు" అని
ఫ్రిజ్ మీద ఒఫీలియా చీటీ.

ఆమెది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ,
అతనిది పగలంతా బస్సుల షెడ్డు.
ఆమె గేటు తీసే వేళకు మొదటి చెట్టు ఘుమఘుమ,
అతను బూట్లు విప్పే వేళకు రెండోది.
ఇద్దరూ ఒక బల్ల దగ్గర తినేది ఆదివారాలే.

తేనెటీగల కోసం చాన్నాళ్లు చూశాడు.
అవి పక్కింటి రామోనా గుమ్మడి పాదు వదిలి రావు.
వచ్చినవి ఈగలు. పచ్చవి, నీలివి,
వాటి వెనక సన్న నడుము కందిరీగలు.
ఛీ అనుకుని మందు డబ్బా కొనుక్కొచ్చాడు.

ఆ శనివారం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.
చెత్తబుట్ట మీంచి లేచిన ఒక ఈగ
ఈ చెట్టు తేనె నాకి, కాళ్లు రుద్దుకుని,
ఒంటినిండా పసుపు ధూళితో
ఏ తొందరా లేకుండా ఆ చెట్టుకు పోయింది.

డబ్బా ఇంకా అటక మీదే, మూత తీయకుండా.

ఈ సాయంత్రం కొత్త చీటీ:
"పిందె కట్టింది. ఎడమ కొమ్మ, కింది వైపు చూడు.
చిక్కుళ్లు వేడి చేసుకో."
చీటీ అంచున ఒక ఈగ.
అతను తోలలేదు,
అది లేచేదాకా ఆగి
మళ్లీ మొదట్నించి చదివాడు.