జుంబెర్ చెప్పిన గది

బొగ్గు కాదు మా ఊరిది, మాంగనీసు.
చియాతూరాలో మనుషులు
రోప్‌వే డబ్బాల్లో వేలాడుతూ గనిలోకి పోయి
వేలాడుతూ ఇంటికొచ్చేవాళ్లు.
క్విరిలా ఏటి నీళ్లు నల్లన.
ఆరేసిన దుప్పటి సాయంత్రానికి నల్లన.
మంచు కూడా ఒక్క పూటే తెల్లగా ఉండేది.
అందుకే కాబోలు
గని కార్మికుల క్లబ్బులో ఆ సినిమా ఆడినప్పుడు
అందులో రంగులు లేవని మాకెవరికీ తోచలేదు.

నాకు ఏడు, అన్నకి పదకొండు.
గింజల పొట్లం ఎప్పుడూ వాడి చేతిలోనే,
అడిగితే రెండు గింజలు లెక్కపెట్టి ఇచ్చేవాడు.
ప్లాతోన్ మామ రీలు మార్చినప్పుడల్లా దగ్గేవాడు.
ఆ దగ్గు సినిమాలోదే అనుకున్నాను చాలా కాలం.

కథేముంది.
కొండ మీద ఇల్లు, మంచు, ఒక వితంతువు.
పై అంతస్తులో, ఎవరూ ఉండని గదిలో
ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.
చేతిలో దీపంతో ఆమె మెట్లెక్కుతుంది.
వెనకే నేను.
సరిగ్గా తొమ్మిదో మెట్టు దగ్గర
జుంబెర్ అరచెయ్యి వచ్చి నా కళ్ల మీద పడేది.
ఉప్పు, కిరోసిన్ వాసన,
బొటనవేలి మీద ఎండిన కోత గరుకు.

"చూడకు. నేను చెప్తాగా."

చెప్పేవాడు, చెవిలో, వేడిగా:
తలుపు తెరుచుకుంది. గదినిండా నీళ్లు.
నీళ్లలో తెల్లగుర్రం, మోకాళ్ల లోతున.
దీపం ఇప్పుడు దాని కళ్లలో ఉంది.
అది ఆమెని పేరు పెట్టి పిలుస్తోంది.
ఏం పేరు? అనేదాన్ని.
నీ పేరే, అనేవాడు.

చెయ్యి తీసేసరికి ఆమె కిందికి దిగుతూ ఉండేది,
జుట్టు విప్పుకొని, ఉత్త చేతులతో.
దీపం ఏమైందో హాలు మొత్తంలో నాకే తెలుసు.

ఆ చలికాలం ఆరుసార్లు చూశాం.
ఆరుసార్లూ గుర్రం వచ్చింది.
ఒకసారి నీళ్లు దాని మెడదాకా ఉన్నాయన్నాడు,
రెండు రాత్రులు నిద్రపోలేదు నేను.

తర్వాత, చాలా తర్వాత, క్లబ్బు మూతపడింది.
కరెంటు పోయింది. ఒక రాత్రికి కాదు, ఏళ్లకేళ్లు పోయింది.
రోప్‌వే డబ్బాలు గాల్లోనే తుప్పుపట్టాయి.
ప్లాతోన్ మామ తెరని ముక్కలు కోసి
బంగాళాదుంపలకి సంచులు కుట్టించుకున్నాడట.

మొన్న టిబిలిసిలో, ఇరవై రెండు కుర్చీల హాల్లో,
గీతలు తుడిచి, మరకలు కడిగి, మళ్లీ వేశారు.
నాకు అరవై మూడు. పక్క కుర్చీలో నా కోటు.
ఏడో మెట్టు. ఎనిమిది.
తొమ్మిది దగ్గర తల కాస్త వెనక్కి వాల్చాను,
అలవాటుగా.

ఏ చెయ్యీ రాలేదు.

గది. కిటికీ. పడిపోయిన కుర్చీ.
గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్క.
అంతే. పదకొండు సెకన్లు, లెక్కపెట్టాను.
ఆమె రెక్క మూసి, దీపం గూట్లో పెట్టి,
జుట్టు విప్పుకొని కిందికి దిగింది.

ఎంత శుభ్రంగా బాగుచేశారో, అన్నారెవరో వెనక.
కోపం వచ్చింది నాకు.
గీతలతో పాటు, మరకలతో పాటు
గుర్రాన్ని కూడా కడిగేశారా?

రాత్రి లమారా వదినకి ఫోన్ చేశాను.
అన్న పోయి నాలుగేళ్లు. ఆమె మాత్రం ఇంకా
"మీ అన్న ఒప్పుకోడు" అంటూనే మాట్లాడుతుంది.
గుర్రం సంగతి అడిగితే చాలాసేపు నవ్వింది.
"ఆయన ఆ గదిని ఎప్పుడు చూశాడు గనక?
రెండో చెయ్యి తన కళ్ల మీదే ఉండేదట.
పెళ్లయిన కొత్తలో చెప్పాడు.
నీతో అనొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు."

ఫోన్ పెట్టేసి వంటింట్లోనే నిలబడిపోయాను.
ఆరుసార్లు, తెర ఎదురుగా, పక్కపక్కన,
గుడ్డివాళ్లలా కూచున్నామన్నమాట ఇద్దరం.
ఆ చీకట్లోకి వాడొక్కడే దిగి, తడుముకుంటూ,
నాకోసం అంత పెద్ద గుర్రాన్ని తోలుకొచ్చాడు.

ఒక్కటి మాత్రం వదినని అడగలేదు.
రెండు చేతులూ కళ్ల మీదుంటే
గింజల పొట్లం ఎవరు పట్టుకున్నారు?
నా ఒళ్లో లేదు, అది ఖాయం.
దీపాలు వెలిగేసరికి
సగం ఖాళీ అయ్యేది.