దీపం పట్టేవాడు

డ్రైవర్ పేరు అడుగుతారు.
సింహానికి పేరుంటే అదీ అడుగుతారు.
నేను దీపం పట్టేవాణ్ణి.
బ్యాటరీకి తగిలించిన తీగ చివర
ఒళ్లో వేడి గిన్నెలా కూర్చుంటుంది నా కొలువు.

లువాంగ్వా నది ఒడ్డున పొద్దు దిగేదాకా
వాళ్లు గ్లాసుల్లో నిమ్మముక్కలు తిప్పుకుంటారు.
నీళ్లలోంచి నీటిగుర్రాలు
ఎవరి మీదో చాడీలు చెప్పుకుంటాయి.

చీకటి పడ్డాక నా పని.
ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి
చీకటిని చేటలో పోసి చెరుగుతాను.
పొట్టు ఎగిరిపోతుంది,
కళ్లు మిగులుతాయి.

ఎర్రగా మెరిస్తే వేటాడేది,
పచ్చగా మెరిస్తే వేటకి చిక్కేది
అని యోబే స్టీరింగ్ మీద వేలితో కొడుతూ చెబుతాడు.
ప్రతిసారీ నిజం కాదు.
గడ్డిలో సాలీడు కన్ను కూడా మెరుస్తుంది.
నేనేం మాట్లాడను.

ఇంపాలాల మీద మాత్రం దీపం నిలపకూడదు.
వెలుగు తాగిన కళ్లకి
కాసేపు లోకం ఉండదు.
ఆ కాసేపట్లోనే పక్కనున్న పొద లేచి నడుస్తుంది.
అందుకే మణికట్టు తిప్పేస్తాను.
"అయ్యో, ఇంకొంచెం" అంటారు వెనకనుంచి.
మణికట్టుకి వాళ్ల భాష రాదు.

నిరుడు మార్చిలో ఒక రాత్రి
పద్నాలుగు ఏనుగులు నది ఈదాయి.
పిల్లల తొండాలు మాత్రమే నీటి పైన.
ఒకావిడ ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది,
దిగేటప్పుడు నా చేతిలో మడత నోటు పెట్టింది.
అవి ఏ ఒడ్డుకి ఈదుతున్నాయో
నాకు తెలుసు, యోబేకి తెలుసు.
ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ ఒడ్డున మా చేను.
ఎలిన కంచం మీద గరిటెతో వాయించింది.
మిరపకాయలు పేడలో కలిపి కాల్చింది.
గాలి ఎదురు తిరిగి
పొగంతా పిల్లదాని కళ్లల్లోకే పోయింది.
తెల్లారేసరికి చేలో ఒక్క మొక్కజొన్న కాడ
హాజరు పట్టీలో మిగిలిన పేరులా నిలబడి ఉంది.
"నువ్వు చూపించినవేనా?" అంది ఎలిన.
"అవే."
"బాగున్నాయా?"
బాగానే ఉన్నాయి. ఏం చెప్పను?
మడత నోటుకి అరబస్తా పిండి వచ్చింది.

మళ్లీ కంకి పాలుపట్టే రోజులు.
ఇప్పుడొచ్చిన వాళ్లకి మూడు రాత్రులుగా చిరుత దొరకలేదు.
పుస్తకంలో లెక్క రాసుకునే పెద్దమనిషి
దాని ఎదురుగా ఖాళీ గడిని
పెన్నుతో పొడుస్తూ కూర్చున్నాడు.
నాలుగో రాత్రి
వెలుగు కాదు, వెలుగు చివర నలిగిన అంచు
ఒక వీపుని తాకింది.
పొట్ట నేలకి ఆనించి ఉంది. డొక్కలు లెక్కపెట్టొచ్చు.
దానికి ఇరవై అడుగుల్లో ఇంపాలాలు.
దీపం ఆపితే ఆ గడి నిండుతుంది,
నా జేబు కూడా.

మణికట్టు తిరిగింది.

చివరి సీట్లో మార్గిట్ అనే ముసలావిడ,
నాలుగు రాత్రులుగా కెమెరా ఎత్తనిది,
నా వైపు చూసింది.
ఆవిడకీ కనిపించింది.
పెదవి మీద వేలు పెట్టలేదు, కన్ను గీటలేదు.
దుప్పటి గడ్డందాకా లాక్కుంది, అంతే.
మేం మలుపు తిరిగాక బబూన్లు గొల్లుమన్నాయి.
"ఏమిటది?" అన్నాడు లెక్కలాయన.
"రాత్రి" అన్నాడు యోబే.

ఎనిమిదింటికి గేటు మూస్తారు.
నా సైకిలుకి లైటు లేదు, దారి కాళ్లకి తెలుసు.
మంచె మీద తియామికే మేలుకునే ఉంది,
ఒళ్లో రేకు డబ్బా, చేతిలో పుల్ల.
నిచ్చెన మెట్టు కోసం టార్చి వేశాను.
రెండు కళ్లు.
చెయ్యి దానంతటదే పక్కకి తిరిగింది.

"చిరుత కనిపించిందా నాన్నా?"
పుట్టి తొమ్మిదేళ్లు, అవతలి ఒడ్డు ఎన్నడూ తొక్కలేదు.
"కనిపించింది. ఎవరికీ చెప్పకు."
"ఎలా ఉంది?"
"ఆకలిగా ఉంది" అన్నాను.
అది కాసేపు ఆలోచించి
డబ్బా పక్కకి జరిపి
నాకు చోటిచ్చింది.