రెండో దిండు

గాల్వెస్టన్ రేవుకి రెండున్నర గంటల దూరాన
షూలెన్‌బర్గ్‌లో, వంటింటి బల్ల దగ్గర
లోరీన్ కుబెనా లెక్కలు చేస్తోంది.
కరెంటు బిల్లు వెనకవైపు, పెన్సిలుతో.
చెవికీ భుజానికీ మధ్య ఫోను.

అదే ఓడ. అదే ఎనిమిదో అంతస్తు.
అవే ఏడు రాత్రులు, అదే కొజుమెల్, అదే వెనక్కి రావడం.
పదేళ్ల కిందట ఇద్దరికీ కలిపి పదమూడు వందల డాలర్లు.
ఇప్పుడు మూడు వేల రెండు వందలు.
రేవు పన్ను వేరే. బక్షీసు వేరే,
రోజుకింతని వాళ్లే రాసేసుకుంటారు.
రాత్రి పదకొండు దాటితే పిజ్జాకీ డబ్బులట.
నీళ్ల మీద నడిచే యవ్వారం కదా,
తడిసి మోపెడవుతుంది మరి.

"సముద్రం మాత్రం పాత రేటేనా అమ్మాయ్?"
బుకింగ్ పిల్ల నవ్వలేదు.
"గది ఇద్దరిదండీ. ఒక్కరే వచ్చినా ఇద్దరి ఛార్జీ."

ఆల్విన్ పోయి పద్నాలుగు నెలలు.
పెన్షన్ ఆఫీసుకి తెలుసు. బ్యాంకుకి తెలుసు.
చర్చిలో ఎడమవైపు మూడో బెంచీకి తెలుసు.
ఓడ కంపెనీ ఒక్కటే
ఇంకా ఆయన పేర పక్క వేసి ఉంచి
డబ్బులడుగుతోంది.

పర్సులోంచి బంగారు కార్డు తీసింది.
వెండి అయ్యాక బంగారం, బంగారం పైన పచ్చ.
పచ్చ కార్డుకి ఇంకా పద్నాలుగు రాత్రులు తక్కువ.
అది వస్తే ఏమొస్తుంది?
ఎక్కేటప్పుడు వేరే వరస.
రోజుకి రెండు గ్లాసుల వైన్ (ఆమె ముట్టదు).
కాలరుకి పెట్టుకునే పిన్ను.
ఒక సంచీడు బట్టలు ఊరికే ఉతికిపెడతారు.
వైన్‌తో సహా అన్నిటికీ ధర కట్టింది:
రెండు వందల తొంభై.
చారాణా కోడికి బారాణా మసాలా.
పెన్సిలు అక్కడే ఆగింది.

ఆ సంచీ అంటే ఆల్విన్‌కి ప్రాణం.
ట్రాక్టర్లు బాగుచేసిన చేతులతో
బనీన్లు, లుంగచుట్టిన ప్యాంట్లు కూరి కూరి,
ఇంకా చోటుందని
ఉతికిన చొక్కాలు కూడా దూర్చి,
పైన కూర్చుని మూతి కట్టేవాడు.
"ఊరికే ఇస్తానన్నాక
సగం సంచీ ఇస్తే వాళ్లని అవమానించినట్టే లోరీన్."

కిందటిసారి ఉతికొచ్చిన చొక్కాలు
కాగితం పట్టీలతో అలాగే ఉన్నాయి అలమరలో.
ఆరు. నీలం గళ్లది అన్నిటికన్నా పైన.
ఓడ అడుగున కిటికీలేని గదిలో
పేరు తెలియని ఎవరో మడతపెట్టినవి.
వాటిలో ఆయన వాసన లేదు. సబ్బు వాసనే.
అయినా ఆ పట్టీ తెంచడానికి
ఆమెకి చెయ్యి రాలేదు.

"ఒక విషయం చెప్పడం మర్చిపోయానండీ,
ఒక్కరే ఇద్దరి ఛార్జీ కడితే
రాత్రులు కూడా రెట్టింపు లెక్కేస్తాం.
ఏడు కాదు, పద్నాలుగు.
దిగే రోజుకి మీది పచ్చ కార్డు."

"ఏడు నావి. తక్కిన ఏడూ ఎవరివి?"

"మీవేనండీ."

కిటికీ బయట పక్కింటివాళ్ల ఫోర్డు
స్టార్టవనని మొండికేస్తోంది.
ఆల్విన్ ఉంటే ఈపాటికి గోడ దాటి వెళ్లేవాడే.
బిల్లు మీద లోరీన్ ఏడు అని రాసింది.
దాని కింద మరో ఏడు.
కూడలేదు. గీత కూడా గీయలేదు.

"సరే, రాసుకో. కానీ ఒకటి.
దిండు మీద చాక్లెట్ పెడతారు చూడు,
అది రెండు దిండ్ల మీదా పెట్టమను.
ఇద్దరికీ కట్టాను కదా."

అవతల కాసేపు ఏమీ లేదు.
తరవాత,
'ప్రత్యేక అవసరాలు' అన్న గడిలో కాబోలు,
ఆ పిల్ల టైపు చేస్తున్న చప్పుడు
ఒక్క చాక్లెట్‌కి పట్టాల్సినదానికన్నా
చాలాసేపు వినిపించింది.