బీమ్ తుడిచేవాడు

వార్నాలో మార్చి. హాలు బయట సముద్రం,
లోపల సుద్దపొడి.
జట్టు మారినప్పుడల్లా
బీమ్ తుడవడం నా పని.

పొద్దున జూనియర్లు.
జోర్నిత్సాకి పదమూడేళ్లు, ముందుపన్ను కొస విరిగింది.
ఎక్కేముందు సుద్దతో చిన్న గీత గీసుకుంది:
ఇక్కణ్ణుంచి రెండడుగులు, ఆపైన గాలి.
రెండుసార్లు పడింది.
రెండోసారి లేచి ముందు జుట్టు సర్దుకుంది,
ఆట మొత్తం ముగించింది,
తర్వాతే ఏడ్చింది.

సాయంత్రం సీనియర్లు.
రాదోస్తీనా. ఇరవై రెండేళ్లు, మోకాలికి రెండు పట్టీలు.
నేను గుడ్డ తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆ గీత ఎవరిది?"
చెప్పాను.
"నాదీ సరిగ్గా అక్కడే ఉండేది,
కాళ్లు పొట్టిగా ఉన్నప్పుడు."
తుడవనివ్వలేదు.
జానెడు వెనక తనది గీసుకుంది.

బెత్తెడు వెడల్పు దారి,
ఆ పిల్ల గీత మీదుగానే పరుగు.
దిగేటప్పుడు కుడిపాదం అంగుళం జరిగింది.
న్యాయనిర్ణేత కలం కదిలింది: పదోవంతు కోత.

గ్యాలరీలో జోర్నిత్సా
పొద్దుతిరుగుడు గింజలు నమలడం మానేసి
ఆ అంగుళాన్నే చూస్తోంది.

దీపాలు ఆర్పేముందు గట్టిగానే తుడిచాను.
తోలు మడతల్లో తెలుపు ఇంకా ఉంది,
ఏది ఎవరిదో తెలీకుండా.
రేపు ఫైనల్స్.
గుడ్డ ఉతికి ఆరేశాను.