డెబ్భై ఆరుకీ డెబ్భై ఏడుకీ మధ్య

బరంపురంలో రాత్రి తొమ్మిదిన్నర.
కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.
ప్లేటులో తొంభై ఆరు గుంటలు,
ఒక్కోదాంట్లో కన్నీటిబొట్టంత నకిలీ నరం.

నరమంటే నరం కాదు.
నరం కొసన, కబుర్ల సంచిని గోడకి లాగి కట్టే తాడొకటుంటుంది,
అందులో ముక్క.
అదీ అసలుది కాదు,
పూస తర్వాత పూస గుచ్చి మిషను మీద చేయించినది.
హైదరాబాదు నుంచి థర్మాకోలు పెట్టెలో మంచు కప్పుకుని వచ్చింది,
నాలుగు మిల్లీగ్రాములు.
మా నాన్న ఆర్నెల్లు నేసిన పట్టంతా అమ్మినా
ఆ ఖరీదు రాదు.

ఒక పక్కన దీపం,
ఇంకో పక్కన దీపాన్ని మూసిన చెయ్యి.
తాడు తెగితే చెయ్యి ఎటో పోతుంది,
దీపం కనబడుతుంది.

తెంపేది ధనుర్వాతపు విషం.
ఒంట్లోకి దారి తెలిసిన సగాన్ని తీసేశాం,
కత్తి సగమే గొట్టంలో ఉంది.
అయినా నిరుపమా బిషోయి రెండు జతల గ్లవ్సులు తొడుగుతుంది.
భయమా అంటే
కాదు, మర్యాద అంటుంది.

మొదట ఇరవై పూసల ముక్క తెప్పించాం.
డెబ్భై ఆరో పూసకీ డెబ్భై ఏడో పూసకీ మధ్యనే కదా కోస్తుంది,
అటు పది ఇటు పది చాలదూ!
చాల్లేదు.
కత్తి దాని మొహం చూడలేదు.
మూడు వారాలు
తెర మీద గీత ఇస్త్రీ పంచె అంచులా అలాగే ఉంది.
బఫరు మార్చాం, జింకు కలిపాం,
తను ఒడియాలో తిట్టింది, నేను తెలుగులో.
ఈ ఊళ్ళో తిట్లకి తర్జుమా అక్కర్లేదు.

ఆ ఆదివారం దేవాంగి వీధిలో, మగ్గం దగ్గర,
నాన్న మా చినబాబు కొడుకుని కసురుతున్నాడు:
"ఏట్రా ఆ తెంపడం? తెంపేకాడ పట్టుకుంటారేట్రా?
జానెడు అవతల వేలితో బిగబట్టు, అప్పుడు తెంపు."
నేను కాఫీ గ్లాసుతో నిలబడిపోయాను.

ఇక్కడ మగ్గమే నాకు దారి చూపిందని రాసుకుంటే బాగుండేది.
సోమవారం వెళ్ళేసరికి
నిరుపమ పాత వ్యాసమొకటి ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది.
అందులోనూ అదే ఉంది:
కోసేది ఒకచోట, పట్టు మాత్రం చాలా దూరాన.

అవును మరి.
ఠాకురాణీ జాత్రలో పులివేషగాడు
మొహానికే రంగేసుకుని వస్తే
చంకలో పిల్ల కూడా జడుసుకోదు.
తోక దాకా వెయ్యాలి.

ఈసారి అరవై పూసలు.
దీపాన్నీ చేతినీ తెగేచోటుకి చేరువగా జరిపించాం.
డబ్బు కోసం ఎన్ని సంతకాలో, అది వేరే కథ.

నాకంటే ముందు ఒక అన్న ఉండేవాడు.
పేరు పెట్టలేదు, ఎనిమిదో రోజుకే అయిపోయాడు.
పాలు వదిలేశాడు, దవడ పడింది,
అరచెయ్యంత వీపు వింటిలా వంగింది.
బొడ్డు కోసింది పోగులు కత్తిరించే బ్లేడుతోనే అని
అమ్మ ఒక్కసారి చెప్పింది,
ఉప్పుడుబియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండా.
ఆ బ్లేడు తర్వాత ఏమైందో నేను అడగలేదు.
మగ్గం దగ్గర ఏ వస్తువూ ఊరికే పారెయ్యరు.

పది యాభై రెండుకి గీత లేచింది.

నిరుపమ కుర్చీ వెనక్కి తోసి నా జబ్బ మీద కొట్టింది.
నేనూ నవ్వాను, గట్టిగానే.
గుంట గుంటకీ వెలుగు,
విషం తక్కువున్న చోట మెల్లగా, ఎక్కువున్న చోట గబగబా,
మేం అనుకున్నట్టే, వరస తప్పకుండా.
నవ్వు ఆగాక లెక్కలోకొచ్చింది,
ఇక్కడ ఎంత వెలుగుంటే అన్ని తాళ్ళు తెగినట్టు.

అంకెలు రాసుకుంటుంటే ఫోను.
"ఒలమ్మీ, అక్కడ కరెంటొచ్చీసిందేటి?"

వచ్చీసిందమ్మా, అన్నాను.
ఇప్పుడే.