లాగ్‌బుక్కులో ఖాళీ గీతలు

మా వంటింటి బల్ల మీద ఎప్పుడూ ఉండేవి రెండు:
ఉప్పు డబ్బా, రేడియో.
ఆ రెండూ లేకుండా కెర్నాబీన్‌లో జనవరి గడవదు.

మా ఊరి అగ్నిమాపక దళం అంటే
తొమ్మిది మంది, ఒక కారే ట్యాంకరు.
స్కూలు బస్సు నడిపే హెడ్లీ,
గొర్రెల బొచ్చు కత్తిరించే ట్రెంబాత్ అన్నదమ్ములు,
మంటంటే భయమని ప్రతిసారీ చెప్పి
ప్రతిసారీ అందరికంటే ముందు బండెక్కే పాస్టర్ ఓస్విన్,
మోకాలి చిప్ప మార్పించుకున్న మెర్ల్,
ఇంకా నలుగురు.
జీతం ఎవరికీ లేదు.
డిసెంబరులో ఒక క్రేటు బీరు,
అదీ చందాలు వేసుకుంటేనే.

నా పని రాయడం.
ఎవరు, ఎక్కడ, ఎన్ని లీటర్లు, గాలి ఏ వైపు.
పెన్నుతో రాయను, చెమట పడితే అక్షరాలు ఈదుకుంటూ పోతాయి.
పెన్సిలు గీత నిలబడుతుంది.

ఆ మంగళవారం
చినుకన్నది లేకుండా వచ్చిన పిడుగు
రిడౌట్ వాళ్ళ గోధుమ మోళ్ళలో పడింది.

2.10. పొగ.
2.31. ట్యాంకరు దక్షిణపు కంచె దగ్గర.
2.40. హెడ్లీ: "గాలి ఉత్తరం నుంచే."
2.52. హెడ్లీ: "గాలి..."

తర్వాత పదకొండు నిమిషాలు
రేడియోలో ఇసుక రాలుతున్న చప్పుడు.

నిమిషానికొకసారి పిలిచాను, నిబంధన అది.
పిలుపుకీ పిలుపుకీ మధ్య ఏం చేశానో చెబితే నవ్వుతారు.
ఉల్లిపాయలు తరిగాను.
రాత్రికి తొమ్మిది మందికి సాండ్‌విచ్చులు కావాలి కదా.
రొట్టె ముక్కలు పరుస్తూ
నా చెయ్యి ఎనిమిది జతల దగ్గర ఆగింది.
చేతిని తిట్టాను.
తొమ్మిదో జత పెట్టాను.
కళ్ళ నీళ్ళు ఉల్లిపాయలవే అని
ఎవరూ లేని వంటింట్లో పైకే అన్నాను.

3.03. మెర్ల్:
"గాలి తిరిగింది. ఎల్వా పట్టీలోకి వచ్చి పడ్డాం.
మంట ఇక్కడిదాకా వచ్చి కుంటింది.
తినడానికి దానికేం దొరకలేదు.
మాకేమైనా ఉందా?"

ఎల్వా పట్టీ.

ఏప్రిల్‌లో, మంచు ఇంకా గడ్డి మీదే ఉండగా
ఎల్వా పెద్దమ్మ తన మనవలతో వచ్చింది.
అడవికి ఎప్పుడు ఎలా నిప్పు పెట్టాలో
నూంగార్ ముసలమ్మకు కాగితం చూసి చెప్పడానికి
జిల్లా ఆఫీసుకు మూడేళ్ళు పట్టింది.
అనుమతి ఇచ్చింది ఒక్క పట్టీకి. రోడ్డు పొడవునా. సన్నగా.

మంట మోకాలెత్తు దాటలేదు.
పసిపిల్లను నడిపించినట్టు
దాని పక్కనే నడిచింది ఆవిడ.
బల్లులు తీరుబడిగా బయటికొచ్చాయి.
మల్లీ పొదల నెత్తిన ఒక్క ఆకైనా కమలలేదు.
"పరిగెత్తనిస్తే నీ మాట వినదు,
నడవనిస్తే వింటుంది," అంది.
నేను బండిలో కూర్చుని టీ తాగుతూ
ఇంత నెమ్మదైతే మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళినట్టే అనుకున్నాను.
ఇల్లు అంటుకున్నాక బావి తవ్వే మనుషులం,
అడుగు ముందే తవ్వుతున్న మనిషిని చూస్తే
విసుగే వచ్చింది మాకు.

రిడౌట్ వాళ్ళకు గొర్రెలు రెండు వందల పన్నెండు పోయాయి.
అదీ రాశాను.
ఓస్విన్ కనుబొమలు పోయాయి.
అది రాయలేదు, ఆదివారం చర్చిలో అందరూ చూశారు.

పట్నం నుంచి వచ్చిన అధికారి
2.52కీ 3.03కీ మధ్య ఖాళీ గీతలేమిటని అడిగాడు.
అవి ఖాళీవి కావన్నాను.
అర్థం కాలేదు, సంతకం పెట్టి వెళ్ళాడు.

ఆ రాత్రి పుస్తకం వెనక్కి తిప్పాను.
ఏప్రిల్ పంతొమ్మిది, నా రాతే:
"పట్టీ కాల్చారు. విశేషం ఏమీ లేదు."

లాగ్‌బుక్కులో చెరపకూడదు, తెలుసు.
రబ్బరు తీసి రెండో వాక్యం చెరిపాను.
దాని బదులు ఏం రాయాలో
ఇంకా ఆలోచిస్తున్నాను.