నలభై ఒక్క గంటలు

అందరికీ రోజుకి ఇరవైనాలుగు గంటలు.
ఫాదర్ సెలెస్తిన్‌కి నలభై ఒకటి,
ఒక్కోటి ఒక్కో గుడి శిఖరంలో,
ఒక్కోటి ఒక్కో కొండ మీద.
బెనిన్ నుంచి వచ్చారు, మంచు ఎరగని మనిషి.
చేతులకి రెండేసి జతల తొడుగులేసుకుని
ఎర్ర రెనో కారులో తిరుగుతారు.
మా ఊరి వంతు తొమ్మిది వారాలకోసారి.
తలుపు మీద పూజల కాగితం అంటిస్తాను.
గాలి చింపుతుంది.
మళ్ళీ అంటిస్తాను.

తాళంచెవి నా దగ్గరే.
ముప్పైనాలుగేళ్ళు ఈ మార్జెరిద్ కొండల్లో ఉత్తరాలు పంచాను,
ఇప్పుడు పోయినవాళ్ళని సాగనంపుతున్నాను.
బిషప్ గారి ఊళ్ళో మూడు శనివారాలు నేర్పారు:
ఎక్కడ నిలబడాలి, ఏది చదవాలి,
ఏది చెయ్యకూడదు.
చెయ్యకూడనివే ఎక్కువ.
యోలాండ్ క్యాసెట్ మీట నొక్కితే ఆర్గన్ మోగుతుంది,
ఒక్కోసారి దానికి ముందు
ఆమె మనవడి పుట్టినరోజు పాట కూడా.
దేవుణ్ణి నమ్మని బర్నబే గంట తాడు లాగుతాడు,
భుజానికి మంచిదని డాక్టరు చెప్పాడట.

ఆదివారం పదకొండు మందిమి.
వాక్యం చదువుతాం, పరలోక జపం చెప్తాం.
ఫాదర్ గారు ప్రతిష్ఠించి వెళ్ళిన అప్పాలు
మందసంలో లెక్కగా ఉంటాయి.
తగ్గుతుంటే సగానికి విరుస్తాను,
తర్వాత పావుకి.
యుద్ధంలో రేషను రొట్టె కోసిన
మా అమ్మ చేతులే నావి.

ఫిబ్రవరిలో ఫుల్‌క్రాన్ కబురు పెట్టాడు.
ఆవుల్ని అమ్మేశాక ఆ ఇంట్లో
గట్టిగా ఊపిరి తీసేది పొయ్యి ఒక్కటే.
ఫాదర్‌కి ఫోన్ చేశాను.
కనుమ దారి మూసేశారు,
మంచు తీసే బండి గురువారానికి గానీ రాదు.
"అయితే నువ్వే విను," అన్నాడు ముసలాయన.
నాకు అధికారం లేదన్నాను.
"చెవులు లేవా?"
ఉన్నాయి. విన్నది ఎక్కడ పెట్టుకోను?
నా సంచి ఎప్పుడో తపాలాఫీసుకి అప్పజెప్పేశాను.

చాలాసేపు పొయ్యి వంక చూశాడు.
పశువుల డాక్టరు బిల్లు తిరగేసి
పెన్సిలుతో రాశాడు. మొన విరిగితే
కత్తితో చెక్కుకుని మళ్ళీ రాశాడు.
కవరు నాలుకతో తడిపి అంటించి,
స్టాంపు అక్కర్లేదుగా, అన్నాడు.
నవ్వాడనే అనుకుంటున్నాను.
జపం మొదలుపెట్టాను.
"మా అప్పులను" దగ్గర గొంతు కలిపాడు,
నాకన్నా గట్టిగా.

మంగళవారం పోయాడు.
గురువారం ఎర్ర కారు వచ్చింది.

సమాధి దగ్గర అంతా అయ్యాక కవరు చేతికిచ్చాను.
ఫాదర్ అటూ ఇటూ తిప్పి చూశారు.
"కాగితం మీద పాపసంకీర్తనం చెల్లదమ్మా,"
చాలా మెల్లగా అన్నారు.
"నోటితో చెప్పాలి. ఎదుట గురువుండాలి."
తెలుసన్నాను.
ఎదుట ఎవరున్నారు, అని అనలేదు.
అనకపోయినా విన్నట్టున్నారు.
ఆ చలిలో తొడుగులు తీసేసి
ఉత్తరాన్ని వట్టి చేతుల్తో పట్టుకున్నారు.

పాస్క జాగరణ నలభై ఒక్క గుళ్ళకీ కలిపి ఒక్కచోటే.
ముగ్గురం బర్నబే వ్యానులో వెళ్ళాం.
చీకట్లో కొత్త నిప్పు రాజుకోగానే
ఫాదర్ అంగీ లోపల్నుంచి ఆ కవరు తీశారు,
చింపలేదు, చదవలేదు,
మంటలో పెట్టారు.
నా ఉద్యోగంలో ఎన్నో ఉత్తరాలు తిరిగొచ్చాయి:
ఇల్లు మారారు, చిరునామా చాలదు, తీసుకోనన్నారు.
దీన్ని ఏ గడిలో రాయాలో తెలీలేదు.
పొగ కాసేపు మా ముఖాల మీదికే వచ్చింది,
దగ్గాం,
తర్వాత పైకి పోయింది.

తెల్లారి మా గుడి మెట్ల మీద పదిమంది
తాళంచెవి కోసం చూస్తున్నారు.
కిటికీ పక్క బల్ల మీద ఎవరూ కూర్చోలేదు.
బర్నబే తాడు లాగాడు.
యోలాండ్ మీట నొక్కింది.
ముందు పుట్టినరోజు పాటే వచ్చింది.
ఆమె కంగారుగా చెయ్యి చాచింది.
ఉండనీ, అన్నాను.